జెరాక్స్ కొట్టులో మోటారు

ముక్తేశ్వరం దాటేక, ఏటిగట్టు దిగువన కేశవరావు గారి జెరాక్స్ కొట్టు ఉంది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ అది మూతే. పొద్దుగూకితే లోపల ఎవరో మసిలినట్టు చప్పుడవుతుందని చెప్పుకుంటారు. ఆటోవాళ్ళు అక్కడికొచ్చేసరికి హారన్ కొట్టుకుంటూ పోతారు... ఆగరు.

అలాంటి కొట్టులోకి మొన్న వరదల్లో అబ్బులు ఒక్కడే వెళ్ళేడు. అతను చెప్పిందే చెబుతున్నాను.

అబ్బులుది టీవీలూ మిక్సీలూ బాగుచేసే పని. భార్య సలోమికి కేన్సరు. ఇక చెయ్యగలిగిందేమీ లేదని చెప్పి, నొప్పి తెలియకుండా ఉండటానికి ఆసుపత్రి వాళ్ళు ఇంటికి ఓ సిరంజి పంపు ఇచ్చేరు. అది రోజంతా మందుని కొంచెం కొంచెంగా ఒంట్లోకి తోస్తూ ఉంటుంది.

ఆ సాయంత్రం వీధిలోకి గోదారొచ్చింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద నడుస్తున్న పంపు ఓసారి మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే మోటారు కాలిపోయింది.

అమలాపురంలో ఉండే నర్సు రెబెకా గారికి ఫోన్ చేసేడు.

"పొద్దున్న పడవలో వేరే పంపు పంపిస్తామండి. అంతవరకూ చేత్తో మాత్రం తొయ్యకండి. కాస్త ఎక్కువైనా ఊపిరికే ప్రమాదవండి."

సలోమి అరవలేదు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. కళ్ళు మాత్రం అతని మీదే ఉన్నాయి—

కాలిపోయినదాని లాంటిదే, చుట్టుకి రెండొందల అడుగులు, ఒక్కో అడుగూ కొలిచినట్టు వేసే స్టెప్పర్ మోటారు కావాలి. జెరాక్స్ మిషన్లో ఉండొచ్చు. ఆ చుట్టుపక్కల ఉన్న మిషన్ కేశవరావు గారి కొట్టులోదొక్కటే!

పక్కింటి అమ్ముల్ని సలోమి దగ్గర కూర్చోబెట్టి నీళ్ళలో దిగేడు.

కొట్టు వెనక తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల నడుం లోతు నీళ్ళు. ఎత్తు బల్ల మీద మిషన్. ఫోన్ టార్చి పళ్ళమధ్య పట్టుకుని మరలు విప్పేడు. చేతికొచ్చింది— అరచేతిలో పట్టేంత చదరపు మోటారు, నాలుగు తీగలు. స్టిక్కరు చెమ్మకి ఊడిపోయింది. ఎన్ని అడుగులదో తెలియదు, ఏ తీగకి ఏది జతో తెలియదు.

తీగలు కోసి చివళ్ళు ఒలిచేడు. ఇరుసుని వేళ్ళతో తిప్పుతూ, చిన్న చిన్నగా తగిలే అడుగులు లెక్కపెట్టేడు. నలభై... ఎనభై... నూట పది—

ఇరుసు బిగుసుకుపోయింది. లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు.

మళ్ళీ తిప్పేడు. మళ్ళీ అదే పట్టు... ప్రభువా అనుకుంటూ వెలుగు దగ్గరికి తెచ్చి చూసేడు. ఒలిచిన తీగల్లో రెండు ఒకదానికొకటి తగిలి ఉన్నాయి. విడదీస్తే వదులు. కలిపితే బిగువు. అంటే ఆ రెండూ ఒక జత, మిగిలినవి రెండో జత!

మొదట్నుంచి లెక్కపెట్టేడు. సరిగ్గా రెండొందలు.

అప్పుడు... తలమీంచి, చీకట్లోంచి, ఓ గుసగుస—

"బాబూ... నీళ్ళెంతవరకొచ్చేయి?"

అబ్బులు నోరు తెరిచేడు. ఫోన్ నీళ్ళలో పడింది. మోటారు గుండెకదుముకుని, పడుతూ లేస్తూ ఇంటికొచ్చి పడ్డాడు.

సిరంజి పక్కకి తీసి, ముందు మోటారుని పంపుకి ఊరికే కలిపి చూసేడు. మోటారు వెనక్కి తిరిగింది. ఓ జతలో రెండు తీగలూ అటుదిటు మార్చేడు. ముందుకి కదిలింది. అమ్ములు ఫోన్లో రెబెకా గారు వీడియోలో చూస్తుంటే, సిరంజిని తోసే కడ్డీ ఎంత జరుగుతోందో స్కేలు పెట్టి అరగంటసేపు కొలిచేడు.

"ఆయ్, సరిపోయిందండి. ఇప్పుడు సిరంజి పెట్టండి. నేను చూస్తూనే ఉంటాను."

కాసేపటికి సలోమి నోట్లోంచి దుప్పటి జారింది. పొద్దున్న పడవొచ్చేవరకూ ఆ మోటారు ఆగలేదు.

"ఎందుకండీ అలా వణికిపోతున్నారు?" అందామె ఆ రాత్రే, నీరసంగా.

చెప్పేడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాడు.

"నీళ్ళెంతవరకొచ్చేయో... దెయ్యానికెందుకండీ?"

అబ్బులు దిగ్గున లేచేడు.

సలోమిని అమ్ములుకి అప్పజెప్పి, చేపలుపట్టే కామరాజుని లేపి, అతని నావలో కొట్టుకి వెళ్ళేడు. ఈసరికి కొట్టులో మిషన్ మునిగిపోయింది. టార్చి పైకి వేసేరు. అటక మీద, గోనెసంచి కప్పుకుని, మోకాళ్ళు గుండెకి ముడుచుకుని— చిన్నతల్లి. రెండేళ్ళ క్రితం ఏటికోతలో ఇల్లు పోయినావిడ. అక్కగారి ఊరు వెళ్ళిపోయిందనే అందరూ అనుకున్నారు.

"ఇక్కడుంటున్నట్టు ఒక్కరికైనా చెప్పొచ్చు కదా పిన్నీ!" అన్నాడు కామరాజు.

"చెబితే ఖాళీ చేయించరా బాబూ? దెయ్యవనుకున్నారు కాబట్టే ఉండనిచ్చేరు."

చలికి ఆమె గొంతు పూడుకుపోయి గుసగుసలా వస్తోంది. వంగి నీళ్ళకేసి చూసింది.

"ఇందాకా ఎవరో ఒకాయన వచ్చేడు... పలకరించేను. పారిపోయేడు."

అబ్బులు నావలో నిలబడి రెండు చేతులూ పైకి చాచేడు.