తానాల గదిల మూడో పిలుపు

కొల్లాపూర్‌ల దొర గడి కింద ఒక నేలమాళిగ, దాంట్ల తానాల గది. గడి ఆడపిల్లల హాస్టలయినంక కూడ పొద్దుగూకితే ఆ మెట్ల దిక్కు ఎవ్వరూ చూడరు.

ఎన్కట ఒక దొరసాని ఎండలకు తాళలేక ఆడ తానం చెయ్య దిగిందట... మళ్ల ఎక్కలేదట. ఎక్కకుంటే ఎక్కకపాయె, ఊకుంటదా? రాత్రయితే నీళ్లు తాగుతదట. గ్లుక్... గ్లుక్... ఆఖరికి, హా... అని ఒక నిట్టూర్పు.

ఎంత దూపనో పాపం!

ఈ కథ మా నాయిన పోచయ్య చెప్పంగ విన్న. నాయిన ధైర్యం సంగతి చెప్పాలె మరి. చీకట్ల బర్రె తుమ్మితే దండం పెట్టే మనిషి.

మా అక్క కౌసల్య ఆ హాస్టల్లనే ఉండి చదువుతుండె. దొరసాని ముచ్చట చెవిన పడుడే ఆలస్యం, నాయిన పగ్గం తెంపుకున్న కోడె లెక్క కొల్లాపూర్‌కు ఉరికిండు.

"పెట్టె సర్దు బిడ్డా. పానముంటే బర్లు కాసుకోని బతకొచ్చు."

అక్క ఒకటే ఏడుపు. ఇప్పుడు ఇంటికొస్తే మళ్ల బడి మొఖం చూసేది లేదని దానికెరుకే.

వార్డెన్ నిర్మలమ్మ అడ్డమొచ్చింది. "దొరసాని కాదు పోచయ్యా, పంపు. ఆ గది బజారు మోరీ కన్న లోతుకుంటది. వాడిన నీళ్లు గుంతల పడితే పంపు ఎత్తి మోరీల పోస్తది. పాతదయింది. సగం ఎత్తి సగం మింగుతది, గదే ఆ చప్పుడు. కొత్త పంపు ఇప్పుడే ఆఖరి బస్సుకు దిగింది. గుంత నిండొచ్చింది, తెల్లారేదాక ఆగదు, రాత్రికే ఎక్కిస్తం. రేపు కూడ చప్పుడొస్తే నీ బిడ్డను తోల్కపో."

మిస్త్రీ యాదగిరి లాంతరు పట్టుకోని దిగిండు. పాత పంపు ఊడదీసి, మోసుకొచ్చి వరండల పడేసిండు. మెయిన్ స్విచ్చి బంజేసి, దాని మీద నాయిన చెయ్యి పెట్టిండు.

"కాకా, నేను పిలిస్తెనే ఎయ్యి. ముందుగాల ఏస్తే మోటరు తిప్పే పట్టాల పడి నా చెయ్యి పోతది. ఆలస్యమైతే నీళ్లెక్కి మోటరు కాలిపోతది."

"గట్లనే గని... పిలిచేది నువ్వే అని ఎట్ల తెలుస్తది?"

"కింద నేను గాక ఇంకెవరుంటరు కాకా?"

యాదగిరి కొత్త పంపు ఎత్తుకోని మళ్ల దిగిండు.

గడంత చీకటి. బయట వాన. కింద పానా చప్పుడు, టక్... టక్... టక్...

ఆగింది.

గ్లుక్.

నాయిన కిందికి చూసిండు. పాత పంపు ఆయన కాళ్లకాడనే పడున్నది. మరి... మింగుతున్నదెవరు?

గ్లుక్... గ్లుక్...

"కాకా...!"

నాయిన చెయ్యి స్విచ్చి మీదనే ఉంది. కదలలేదు.

"కా...కా...!"

దయ్యానికి రెండు పిలుపులే. మూడోది మనిషే పిలువాలె. మా దిక్కు పసిపిల్లలకు కూడ ఎరుకే. పిలిచింది దొరసానయితే, స్విచ్చి ఏసిన్నంటే పరాయి పిలగాని చెయ్యి పాయె. యాదగిరే అయితే, ఎయ్యకుంటే మోటరు పాయె... దాంతోని అక్క చదువూ పాయె.

మూడోది రాలేదు.

నీళ్ల చప్పుడు మెట్లెక్కుతున్నట్టు దగ్గరికొస్తాంది. నాయిన పెదువులు ఆడుతున్నయి గని ఏ దేవుని పేరూ గుర్తుకొస్తలేదు.

అప్పుడొచ్చింది, మూడోది. నాయిన కండ్లు మూసుకోని స్విచ్చి ఏసిండు.

మోటరు గుర్రుమన్నది. లైట్లొచ్చినయి. మోరీల నీళ్లు దబదబ దుంకినయి. నడుముదాక తడిసిన యాదగిరి మెట్లెక్కొచ్చిండు, రెండు చేతులతోని.

"ఏంది కాకా, రెండుమాట్ల పిలిచినా పలుకవు? లాంతరు ఆరిపాయె. భయానికి నా నోరే పడిపాయె."

"రెండుమాట్లేనా?"

"రెండే."

తెల్లారి నాయిన అక్కను ఆడనే ఇడిచిపెట్టి వచ్చిండు. బర్రె తుమ్మితే దండం పెట్టేటాయన! నేను ఊకుంటనా? ఎందుకు ఎందుకని నెలదాక పానం తీసిన. ఒకరోజు మెల్లగ చెవిల చెప్పిండు.

"మూడోది ఆడగొంతు బిడ్డా. 'పోచిగా' అన్నది. నన్ను గట్ల పిలిచేది లోకంల ఒక్కతే, నన్ను కన్న మా అవ్వ. మీ అక్క పుట్టకముందే పాయె. ఆ పేరు మీ అమ్మకు కూడ ఎరుక లేదు... అవ్వ ఉన్నకాడ కౌసల్యకేం ఫికరు?"

నాకు నవ్వాగలేదు. మా అక్క హాస్టల్ల అందరి గొంతులు తీసి నవ్విస్తది మరి!

బతుకమ్మ సెలవులకు అక్క వచ్చింది. రాత్రి ఇద్దరం ఒకే మంచం మీద. నాయిన బయట అరుగు మీద పండుకున్నడు.

"దొంగదానా, మూడోది నువ్వే కదనే?" అని గిల్లిన.

అక్క దుప్పటి నోట్ల కుక్కుకోని నవ్వింది. "నేనేనే! నేనుండే అర్ర మూలకు నేలమాళిగలకు గాలి పొయ్యే కంత ఉంది. యాదగిరన్న రెండుమాట్ల పిలిచి ఊకున్నడు. నాయిన సంగతి నాకెరుక లేదా, మూడోది లేంది కదలడు. కంతకు మూతి పెట్టి పిలిచిన."

"అవ్వ గొంతు ఎట్ల తీసినవే? 'పోచిగా' అని?"

అక్క నవ్వు ఆగింది.

"పోచిగాడెవరు? నేను యాదగిరన్న లెక్క గొంతు లావు చేసి 'కాకా' అన్న."

ఇద్దరం దుప్పటి ముసుగేసినం. ఎవ్వరూ ఎవ్వరిని పిలువలేదు.

బయట అరుగు మీద నాయిన నిద్రలనే పలికిండు.

"ఆఁ... ఏందే అవ్వా?"