నిచ్చెన కుదిర్చిన సంబంధం

"దిగు. ముందు దిగు, తర్వాత మాట్లాడదాం."

పొడుగు అని అందరూ పిలిచే ఆ ప్లంబరుతో కాంట్రాక్టరు కూతురు అన్న మొదటి మాట అదే. తండ్రి పైపుల కొట్టు ఆమే చూసుకుంటుంది. సైటుకి సామాను ఇవ్వడానికి వచ్చి, కాలి రబ్బరు ఊడిపోయిన నిచ్చెన మీద, నున్నటి టైల్స్ పైన అతన్ని చూసింది. దిగమంటే దిగలేదు సరికదా, మీరు పట్టుకుంటే జారదు మేడమ్ అంటూ పళ్లికిలించాడు. ఇక చచ్చినట్టు పట్టుకుంది.

ఆ తర్వాత చెయ్యి చాపితే అందే కుళాయికి కూడా అతను నిచ్చెనెక్కడం, ఆమె తిడుతూ వచ్చి పట్టుకోవడం మామూలైపోయింది. వానొస్తే ఇద్దరికీ ఒకటే గొడుగు. అతను తన ఎత్తుకి పట్టేవాడు, ఆమె నిలువునా తడిసేది. ఆ పోట్లాట ఇల్లు చేరేదాకా సాగేది.

కొత్త నిచ్చెన కొనమని ఆమె ఇంట్లో మొత్తుకుంటూనే ఉంది. ఉన్నది బాగానే ఉందిగా అనేవాడు తండ్రి. ప్రేమ సంగతి తెలిశాక మాత్రం, నిచ్చెనెక్కేవాడికి నా కూతుర్నిస్తానా అని మండిపడ్డాడు. ఇన్నాళ్లూ తను తిన్నది ఆ నిచ్చెనెక్కేవాళ్ల కష్టమేనన్న ఇంగితం లేదు మహానుభావుడికి. కూతుర్ని సైటుకి వెళ్లనివ్వలేదు. ఇద్దరు చెయ్యాల్సిన పనికి పొడుగుని ఒక్కణ్ణే పంపాడు.

పట్టేసిన పైపుని రెండు చేతులా రెంచితో లాగుతుంటే నిచ్చెన కాలు జారింది. నడుము విరిగింది. ఇక ఈ పనికి పనికిరావని డాక్టరు చెప్పేశాడు.

ప్రమాదం మీద విచారణకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసి, కాంట్రాక్టరు కూతుర్ని వెంటబెట్టుకుని ఆస్పత్రికొచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ఎన్నడూ లేనంత మెత్తగా పలకరించాడు.

"అల్లుడూ, కళ్లు తిరిగి పడ్డానని చెప్పు. నిచ్చెన మంచిదేనను. మీ పెళ్లి నేను చేస్తా."

పొడుగు ఆమె వైపు చూశాడు. తర్వాత, "సరే మామయ్యా," అన్నాడు.

మామగారు సంతోషంగా లేచి వెళ్లాడు. ఆమె కదల్లేదు.

"నువ్వు దక్కుతావనే ఒప్పుకున్నా," అన్నాడు అతను.

"తెలుసు. నాన్న ఆ మాట అనగానే నాకూ ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అందుకే సిగ్గేస్తోంది. రేపు ఆ నిచ్చెన ఇంకొకడెక్కుతాడు. వాడి కోసం ఇంట్లో ఎవరూ ఎదురుచూడరా?"

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ నడుముతో అంతకన్నా తిరగలేడు.

ఆఫీసరుకి ఉన్నదున్నట్టు ఆమే చెప్పింది. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు. పొడుగు మాత్రం రోజూ ఫోన్ చేస్తాడు. ఆమె ఎత్తదు. ఎత్తితే, ఆ గొంతు వింటే, ఆ అబద్ధానికి ఒప్పుకున్నవాణ్ణి క్షమించేస్తానని ఆమె భయం.