పల్చటి సూట్

"అండమాన్ పోతావా?" అడిగింది చీఫ్ పద్మారాణి.

అనంతగిరి ఘాట్ మలుపులో ఆగిన కారులో ఏజెంట్ మొహసిన్ చప్పున ఆమె వైపు తిరిగాడు. పోయిన మే నెలలో తోటి ఏజెంట్ మల్లేశ్వర్‌ను కూడా ఆమె ఇదే మాట అడిగింది. వెళ్లినవాడు తిరిగి రాలేదు. దీవిలో అదృశ్యం అని ఫైలు మూసేశారు. మోమిన్‌పేట్‌లో గొర్రెలు కాసుకునే అతని అక్క రామమ్మకు మాత్రం డ్యూటీలో ఉన్నాడని చెప్పారు. చెప్పింది మొహసినే. అప్పటినుంచీ ఆమె ఫోన్ మోగితే చాలు, అతనికి గుండెల్లో రాయి పడుతుంది.

"దొంగిలించిన చిప్ ఇంకా ముఠా దగ్గరే ఉంది," అంది పద్మారాణి. "మన సబ్‌మెరైన్ చేసే శబ్దం అందులో రికార్డయింది. స్కూబా టూరిస్టుల వేషంలో దీవికి తీసుకెళ్లి శత్రువుకు అప్పగిస్తారు. తాండూరులో టూర్స్ ఆఫీసు నడిపే తూబా మన డబుల్ ఏజెంట్. ఆమె చెప్పినట్టు చెయ్."

తాండూరు ఆఫీసులో బల్ల వెనుక కూర్చున్న తూబా అందగత్తె. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

"మే నెలల నీళ్లు ఎట్లుంటయి మేడం?" కోడ్ వాక్యం పలికాడు మొహసిన్.

"షీర్‌ఖుర్మా పాయసం లెక్క, గోరువెచ్చగ." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "పోయేముందు కరణ్‌కోట దిక్కు పాత క్వారీల జర ప్రాక్టీస్ చెయ్యాలె. గిదిగో సూట్. పల్చటిదే సాలు, ఎండకాలమే గద. ఏం ఫికర్ వద్దు."

ఆమె వెనుక తలుపు సరిగా పడని బీరువాలో రెండు మందపాటి డైవింగ్ సూట్లు కనిపించాయి. ఇంకా తడిగా ఉన్నాయి. మోకాళ్ల దగ్గర తెల్లటి సున్నపురాయి బురద.

మే నెల అండమాన్‌లో అంత మందం సూట్ వేసుకుంటే మనిషి ఉడికిపోతాడు. వీళ్లు దిగుతున్నది సముద్రంలో కాదు. ఆ క్వారీలో పైన నీళ్లు కాగుతుంటాయి. అట్టడుగున చలికాలం నీళ్లు కదలకుండా పడి ఉంటాయి. పల్చటి సూట్‌తో ఎక్కువసేపు ఉంటే కాళ్లు కొంకర్లు పోయి, మనిషి పైకి రాలేడు. మల్లేశ్వర్‌కు సూట్ ఇచ్చింది కూడా ఈమే. అంటే ఈమె ముఠా మనిషే.

"షుక్రియా," అన్నాడు మొహసిన్ నవ్వుతూ. సూట్ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తూబా ఇచ్చిన సూట్ లోపల తన మందపాటి సూట్ తొడుక్కుని, ఎర్రటి ఎండలో క్వారీలోకి దిగాడు. కొంత దూరం నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఉన్నట్టుండి చలి పట్టుకుంది. చెవుల్లో ఇంకెవరిదో శ్వాస వినిపించింది. తనదేనని సర్దిచెప్పుకున్నాడు. నమ్మకం కుదరలేదు.

టార్చ్ వెలుగులో ఒక బండ సందు. అందులో మల్లేశ్వర్, ఏడాదిలో నీళ్లు మిగిల్చినంత. చిప్ ఉన్న పెట్టె అతని నడుముకు కట్టి ఉంది. ముఠా ఈ క్వారీలో దాచిన చోటునుంచి దాన్ని లాక్కుని, వాళ్లకు దొరక్కుండా ఆ సందులో దూరాడన్నమాట. వాళ్లు ఇన్నాళ్లూ వెతుకుతూనే ఉన్నారు. ఇవాళ దొరికింది. ముఠా డైవర్ ఒకడు కత్తితో పెట్టె కట్టిన తాడు కోస్తున్నాడు.

మొహసిన్ వెనుకనుంచి వాడి సిలిండర్ వాల్వ్ బిగించేశాడు. ఊపిరాడక వాడు కత్తి వదిలేసి పైకి తన్నుకుపోబోతే, కాలు పట్టి గుంజి, స్పృహ తప్పేదాకా ఆపి, మళ్లీ గాలి వదిలాడు.

గట్టుమీద పిస్తోలుతో ఉన్న తూబా, మాస్కుతో తేలిన మొహసిన్ తలను చూసి తన మనిషే అనుకుంది. "పెట్టె ఇయ్యి, జల్ది," అని చెయ్యి చాచింది. ఆ చేతికే బేడీ పడింది.

సాయంత్రానికి మల్లేశ్వర్‌ను పైకి తీశారు. చిప్ పెట్టెను సూట్‌కేసులో పెట్టుకుంటూ పద్మారాణి అంది, "వాళ్లక్కకు సముద్రంలో ప్రమాదం అని చెప్పు. అదే అఫీషియల్."

మొహసిన్ ఫోన్ మోగింది. రామమ్మే.

"ఏడాది సంది అబద్దం నేనే చెప్తున్న మేడం. గిది మీరు చెప్పుండ్రి." ఫోన్ చాచాడు.

ఎందరినో చావుకు పంపిన ఆ చెయ్యి ముందుకు రాలేదు. మొహసినే ఫోన్ ఎత్తాడు.

"అక్కా, మల్లేశ్ దొరికిండు, పాణంతోటి కాదు. గీడనే, తాండూరుల్నే ఉండె. నేనే ఇంటికి తీస్కొస్తున్న."

 దేశాన్ని కాపాడిన అధికారిణి నేల చూపులు చూస్తూ కారెక్కి అద్దం ఎత్తుకుంది.