తొట్టిలో వదిలిన పిల్లలు

పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. అత్తాకోడళ్ళిద్దరూ వాటి సంగతి మరిచిపోయి గాజుపెట్టె ముందు వాదులాడుకుంటున్నారు.

"అలా వెల్లకిలా తిప్పకే తల్లీ! పాపం, ఎలా గింజుకుంటోందో చూడు."

"దాని గింజుకోవడం తర్వాత, ముందు నా వేలు చూడండి అత్తయ్యా. నిన్న కొరికిన చోటు ఇంకా మండుతోంది."

కోడలు క్రేఫిష్‌ను ముందుకాళ్ళ వెనక ఒడుపుగా పట్టుకుని పొట్ట భాగం ఫొటో తీసింది. రొయ్యకు పీత కాళ్ళు తగిలించినట్టుండే జీవి అది. గోధుమరంగు పెంకు మీద పాలరాతి చారల్లాంటి తెల్లని గీతలు. మామగారు పోయాక అత్తగారు గోడకేసి చూస్తూ కూర్చోవడం చూడలేక, పెంపుడు జంతువుల దుకాణంలో కోడలే కొనుక్కొచ్చింది. ఏ రకమని అడిగితే దుకాణదారు "క్రేఫిష్షేనమ్మా, ఏం పెట్టినా తింటుంది" అన్నాడు. ముందుకాళ్ళు పైకెత్తి దర్జాగా నడుస్తుందని అత్తగారు దానికి దొరసాని అని పేరు పెట్టింది. దానితో మాట్లాడుతూ మాట్లాడుతూ మెల్లగా ఇంట్లోవాళ్ళతోనూ మాట్లాడడం మొదలుపెట్టింది.

అయితే మొన్న దొరసాని మళ్ళీ గుడ్లు పెట్టింది. పెట్టెలో మగది లేదు, ఎన్నడూ లేదు. కోడలికి అనుమానం వచ్చి మత్స్యశాఖ అధికారిణికి ఫొటోలు పంపితే, పొట్టవైపు కూడా తీసి పంపమందామె. ఆ ఫొటో పంపి కోడలు దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలింది.

పాలు పొంగిన వాసనకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కోడలు పొయ్యి ఆపేలోపే ఫోన్ మోగింది, అధికారిణే. స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ఇది మగతోడు లేకుండానే పిల్లల్ని పెట్టే రకం. పుట్టేవన్నీ ఆడవే, అచ్చం తల్లిలాంటివే. ఒక్కటి చెరువులో పడ్డా చాలు, ఆ నీళ్ళన్నీ దానివే అయిపోతాయి. గట్లు తొలిచేస్తాయి, చేపల తిండి తినేస్తాయి. పైగా వాటిని ఏమీ చెయ్యని రోగాన్ని మిగతావాటికి అంటిస్తాయి. బయటికేమీ వదల్లేదు కదా?"

"అబ్బే, లేదండీ. మొదటిసారి పుట్టిన పిల్లల్ని తల్లే తినేసింది" అంది కోడలు.

"నయం. నేను వచ్చి తీసుకెళ్తాను. ఈలోపు పెట్టెలో నీళ్ళు కూడా పారబోయకండి."

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే అత్తగారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అత్తయ్యా, ఏమైంది?"

"తల్లి తినలేదే."

"మరి?"

"ఒకదాన్నొకటి పీక్కుతింటుంటే చూడలేకపోయాను. దేవుడిచ్చిన ప్రాణాలు, ఎక్కడో ఒకచోట బతుకుతాయని గ్లాసుతో ముంచి వదిలేశాను. మీరు నవ్వుతారని తినేసిందని చెప్పాను."

"ఎక్కడ వదిలారు?"

"పెరట్లో సిమెంటు తొట్టిలో. మంచి నీళ్ళు కదా అని..."

కోడలు పెరటివైపు చూసింది. ఆ తొట్టిలో తేరిన నీరే గొట్టం గుండా తన భర్త చేపపిల్లలు పెంచే చెరువులోకి వెళ్తుంది. గొట్టానికి కట్టిన వల చేపల్ని ఆపుతుందేమో గానీ, చీమంత పిల్లల్ని ఎలా ఆపుతుంది? అదే చెరువులోని చేపపిల్లలు ఈరోజు వ్యాన్ ఎక్కి పది మంది రైతుల చెరువుల్లోకి వెళ్ళబోతున్నాయి.

వీధిలో వ్యాన్ హారన్ మోగింది.

"వాడితో చెప్తే నన్ను చంపేస్తాడే" అంది అత్తగారు గుసగుసగా.

"ముందు నన్ను చంపుతారు. కొనుక్కొచ్చింది నేను." కోడలు నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అవి తొట్టిలోనే చచ్చిపోయి ఉంటాయేమో అత్తయ్యా. అంత చిన్నవి..."

ఆ మాట పట్టుకుని వేలాడాలని ఇద్దరికీ ఉంది. పెట్టెలో దొరసాని తోక కింద గుడ్లను ముడుచుకుని ఓ మూల నక్కింది. అత్తగారు దాన్నొకసారి చూసి, చెప్పులైనా వేసుకోకుండా పెరటి వెనకున్న చెరువు వైపు నడిచింది. కోడలు వెనకే వెళ్ళింది.

చెరువు గట్టు మీద కొడుకు పంచె ఎగ్గట్టి వల సర్దుతున్నాడు. వ్యాన్ మనిషి ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు నింపుతున్నాడు.

"రా వదినా! నీ కొడుకు ఈసారి బంగారం పండించాడు. చూడు, ఎంత హుషారుగా ఉన్నాయో!" అన్నాడతను.

"ఒరే, ఆ వల వెయ్యకు" అంది తల్లి.

ఆమె చెప్పింది విని కొడుకు గొంతు చించుకుని అరిచాడు.

"నీకేమైనా మతి పోయిందా అమ్మా? నా కష్టమంతా ఆ నీళ్ళలో ఉందని తెలీదా? ఏమే, దాన్ని ఇంటికి తెచ్చింది నువ్వే కదా! ఇప్పుడు నోరు పెగలదేం?"

"నన్ననండి. అత్తయ్యనేమీ అనకండి" అంది కోడలు ఏడుస్తూ.

"ఇద్దరూ ఇద్దరే!"

విసురుగా చెరువులో దిగి, తొట్టి గొట్టం పడే మూలలో సన్నవల లాగాడు. గట్టు మీద కుమ్మరించాడు. పాచి, మట్టి, మిలమిల కొట్టుకునే చేపపిల్లలు. వాటి మధ్య వేలెడైనా లేని జీవి ఒకటి రెండు ముందుకాళ్ళూ పైకెత్తి నిలబడింది. ఒంటి నిండా పాలరాతి గీతలు.

వ్యాన్ మనిషి వంగి చూసి, "ఇంతేనా? ఏరి పారేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

కొడుకు వలను గుప్పిట బిగించి నీళ్ళకేసే చూస్తున్నాడు. ఆ చూపు చూసి తల్లికి చెరువు పోతుందన్నదానికంటే ఎక్కువ భయం వేసింది. లోలోపలే దేవుణ్ణి పిలిచింది.

"వ్యాన్ వెనక్కి తీసుకెళ్ళిపో బాబాయ్" అన్నాడు చివరికి కొడుకు. "ఈ చెరువు నీటి చుక్క కూడా నీతో రాకూడదు. సంచులు ఇక్కడే కుమ్మరించెయ్."

అధికారిణికి ఫోన్ చేస్తే తూము మూసేయమంది. నీళ్ళు బయటికి వదిలితే అవీ నీళ్ళతో పోతాయట. బ్లీచింగ్ పొడి కలిపి చెరువు మొత్తాన్ని చంపాల్సిందే. క్రేఫిష్‌లతోపాటు చేపపిల్లలూ పోతాయి. ఈ ఏడు చెరువు మీద ఏమీ రాదు.

వ్యాన్ వెళ్ళిపోయాక కొడుకు గట్టు మీద కూలబడ్డాడు. తల్లి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకా తిట్టరా. నీ కడుపుమంట చల్లారేదాకా తిట్టు."

అతను తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చెప్పాక కూడా, అది కళ్ళెదుట నిలబడ్డాక కూడా, పంపేద్దామనే అనుకున్నానమ్మా. పది ఇళ్ళు ఏమైపోతే నాకేం అనుకున్నాను. నామీద నాకే భయమేసింది." చేతిలో వల పక్కన పడేశాడు. "నువ్వు వణుక్కుంటూ వచ్చి చెప్పావు. నేను వణక్కుండా దాచబోయాను."

తల్లి అతని తల ఒళ్ళోకి తీసుకుంది. చాన్నాళ్ళ తర్వాత అతను ఏడ్చాడు. కోడలు కూడా వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. అతను తల ఎత్తకుండానే చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం అధికారిణి వచ్చి దొరసానిని గుడ్లతో సహా డబ్బాలో పెట్టుకుంది. పనివాళ్ళను పిలుస్తానంది. అత్తగారు ఒప్పుకోలేదు.

"జాలిపడి వదిలింది నేను. ఇప్పుడు చంపాల్సిందీ నేనే" అంది. "ప్రాణం తియ్యొద్దన్న దేవుడే ఈ పని చెయ్యమంటున్నాడా? నాకు తెలీదమ్మా. అడుగుతూనే ఉంటాను. ఆయన ఎప్పుడు చెప్తే అప్పుడు వింటాను."

బ్లీచింగ్ పొడి కలిపిన బకెట్ ఎత్తబోయింది. బరువుకు కదల్లేదు. కొడుకు వచ్చి పిడి రెండో వైపు పట్టుకున్నాడు. కోడలు ముక్కుకు గుడ్డ కట్టుకుని, అత్తగారికీ కట్టింది. ముగ్గురూ కలిసి నీళ్ళలో దిగారు.