గ్యాస్ ఆపొద్దు!

ధడ్! ధడ్! ధడ్!

షెడ్డు తలుపు ఊగిపోతోంది.

లోపల చీకటి. మధ్యాహ్నం మూడు గంటలకి కటిక చీకటి! కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు. ఇనుము ఎంత కాలిందో దాని రంగే చెబుతుంది. వెలుతురులో ఆ రంగు దొరకదు.

పళ్ళ డాక్టరు అప్పుడే గ్యాస్ కొలిమి వెలిగించాడు. బర్నరు ఇంకా సన్నగా బుసకొడుతోంది.

“డాక్టరు బావా! తలుపు తియ్యి!”

చెల్లెలి మొగుడి గొంతు!

డాక్టరు గడియ తీస్తాడు. ఎండ కళ్ళలో కారం కొట్టినట్టు మండిస్తుంది. వచ్చినవాడు లోపలికి దూరి, వీపుతో తలుపు మూసేస్తాడు. చంకలో తువ్వాలు చుట్ట.

“దీన్ని కరిగించెయ్. ఇప్పుడే!”

చుట్ట విప్పుతాడు.

కత్తి... పిడి దాకా రక్తం!

అది తను చేసిన కత్తే. చెల్లెలి పెళ్ళయి పదేళ్ళు నిండినప్పుడు, వాళ్ళ క్యాంటీన్ వంటగదికి చేసిచ్చిన జంట కత్తుల్లో ఒకటి. మొగుడికొకటి, పెళ్ళానికొకటి. ఒకే ఇనుపబద్ద. ఒకే చెక్క.

“ఎవరిదిరా ఈ రక్తం?”

“మా మేనేజరుది. పోయాడు. పొడిచింది నీ చెల్లెలు.”

“నోరు ముయ్యి!”

“అరవకు బావా. మొన్న మా క్యాంటీన్లో కుళ్ళిన మాంసం తిని నలభై మంది ఆస్పత్రి పాలయ్యారు కదా. పోలీసులకి చెప్పేస్తానన్నాడు వాడు. దానికి ఒళ్ళు తెలియలేదు... ఇదిగో, దాని కత్తే.”

“ఇప్పుడు అదెక్కడుంది?”

“ఇంట్లో. గడియ పెట్టుకుని ఏడుస్తోంది. ఫోను కూడా ఎత్తదు. దాన్ని జైలుకి పంపుతావో, కాపాడుకుంటావో నీ ఇష్టం.”

డాక్టరు తన చేతులకేసి చూసుకుంటాడు. ముప్ఫై ఏళ్ళు జనం నోళ్ళలో వణక్కుండా తిరిగిన చేతులు!

భార్య పోయిన ఏడాది ఈ పిచ్చి పట్టింది ఆయనకి. పళ్ళు పీకేవాడికి కొలిమేమిటని అందరూ నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది. నవ్వుతూనే పాత సిలిండరు ఒకటి సంపాదించి, స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చిచ్చింది. దాన్నే కోసి, లోపల మంటని ఓర్చుకునే తెల్లటి ఉన్ని పరిచి, పక్కన బర్నరు బిగించాడు.

ఆ చెల్లెలు... జైల్లోనా?

“ఇది కరిగేంత వేడి ఈ కొలిమికి లేదు,” అంటాడు. “రక్తం కాలుతుంది. వేలిముద్రలు పోతాయి. అంతే.”

“అది చాలు. నేను ఏట్లో పడేస్తాను. కానియ్!”

“పిడి ఊడదియ్యాలి. చెక్క కాలితే పొగ బయటికి పోతుంది.”

సుత్తితో రెండు దెబ్బలు. మేకులు ఊడతాయి. చెక్కలు రెండూ తేలిగ్గా విడిపోతాయి. మరీ తేలిగ్గా! కత్తిని నీళ్ళలో నాననిచ్చినట్టున్నారు.

చెల్లెలు అలా చెయ్యదే... కోసిన వెంటనే తుడిచి పెడుతుంది.

చెక్కల్ని అలవాటుగా తోలు ఏప్రాన్ జేబులో పడేసుకుంటాడు. పట్టకారుతో కత్తిని మంటలోకి తోస్తాడు.

“మంట పెంచు!”

“ఇది చాలు.”

“పెంచమన్నానా!”

నాబ్ తిప్పుతాడు. బర్నరు హోరెత్తిపోతుంది. చెవులు దిబ్బెళ్ళు పడుతున్నాయి!

నలుపు... ముదురు ఎరుపు... నారింజ...

డాక్టరు కత్తిని బయటికి లాగుతాడు. చీకట్లో అది నిప్పుకణికలా వెలుగుతోంది. పదునుకోసం అరగదీసిన అంచు వాలు స్పష్టంగా కనిపిస్తోంది.

వాలు కుడివైపుంది!

ఆయన కత్తిని మరోసారి తిప్పి చూస్తాడు.

చెల్లెలిది పుర్రచేతి వాటం. అందుకే ఆమె కత్తికి వాలు ఎడమవైపు పెట్టాడు. మూడు రోజులు తంటాలు పడి, చేతులు బొబ్బలెక్కేలా అరగదీసి! పైకి రెండు కత్తులూ కవలపిల్లలే. తేడా చేసినవాడికి తెలుసు. వాడుకునే చెల్లెలికి తెలుసు. ఒక్కనాడూ ఉల్లిపాయ కోసెరుగని ఈ మహానుభావుడికి తెలియదు.

ఇది చెల్లెలి కత్తి కాదు.

వీడిది!

“ఏంటి చూస్తున్నావ్?”

“రంగు... రంగు చూస్తున్నా.”

డాక్టరు మళ్ళీ కత్తిని మంటలో పెడతాడు. ఆలోచన... ఆలోచన! పక్కన నూనె డబ్బా ఉంది. బూడిదలో పెడితే కత్తి మెల్లగా ఆరి మెత్తబడుతుంది. నూనెలో ముంచితే...

మొదటి కత్తి గుర్తొస్తుంది. నూనెలోంచి తీసి చల్లారగానే చెల్లెలు ముచ్చటపడి అందుకుంది. చెయ్యి జారింది. నేల మీద మూడు ముక్కలు! గాజుగ్లాసులా! ‘నీ కత్తికి నీకున్నంత ఓర్పు లేదన్నయ్యా,’ అని ఒకటే నవ్వు.

డాక్టరు కత్తిని నూనెలో ముంచుతాడు.

బుస్స్!

పొగ. కమురు వాసన. కాసేపు ఆగి బయటికి తీస్తాడు.

“అయిందా?”

“ఎక్కడయింది? ఓవెన్‌లో రెండు గంటలుండాలి. అప్పుడే అది కత్తవుతుంది.”

“నేనేమైనా ప్రదర్శనకి పెడుతున్నానా? ఇటివ్వు!”

తువ్వాలుతో లాక్కుంటాడు.

డాక్టరు చెయ్యి నాబ్ మీదికి పోతుంది.

“గ్యాస్ ఆపొద్దు!”

ఆ గొంతులో భయం! ఎందుకు? పనైపోయాక మంటతో వీడికేం పని?

డాక్టరు ఠక్కున ఆపేస్తాడు.

హోరు చచ్చిపోతుంది.

నిశ్శబ్దం...

దబ్... దబ్... దబ్...

బయట నుంచి! రేకు మీద కాలితో తన్నుతున్న చప్పుడు!

“నీ కారులో ఎవరున్నారు?”

వాడు తువ్వాలు చేతికి చుట్టుకుంటాడు.

“డిక్కీలో ఎవరున్నార్రా?!”

“ఆపొద్దన్నానా డాక్టరు బావా...” అతను తువ్వాలు బిగించి కత్తి పట్టుకుంటున్నాడు. “ఏట్లో పడేది కత్తొక్కటే కాదు. తప్పుచేసిన ఆడది తట్టుకోలేక దూకేసిందంటే ఎవరూ కాదనరు. నువ్వు నోరు మూసుకుని ఉంటే బతికేవాడివి!”

మీదికి దూకుతాడు!

డాక్టరు పట్టకారు అడ్డం పెడతాడు. కళ్ళు మూసుకుని!

ఠంగ్!

కళ్ళు తెరుస్తాడు. కత్తి లేదు. నేల మీద మూడు ముక్కలు! వాడి చేతిలో పిడిలో దూరే ఇనుప తోక మిగిలింది. దానికేసి వెర్రిచూపు చూస్తున్నాడు.

ఆ ఒక్క క్షణం చాలు. డాక్టరు తలుపు లాగుతాడు. ఎండ దూసుకొస్తుంది. ఇంతసేపు చీకట్లో ఉన్న కళ్ళు! వాడు మొహం కప్పుకుంటాడు. డాక్టరు బయటికి దూకి గడియ పెట్టేస్తాడు.

కారు... సీటు కింద మీట... లాగు!

డిక్కీ లేస్తుంది.

చెల్లెలు! నోటికి ప్లాస్టరు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. చెంప వాచింది. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి... బతికే ఉంది!

ప్లాస్టరు పీకి, కట్లు విప్పుతాడు.

“అన్నయ్యా... ఆయనే... నా కళ్ళముందే మేనేజర్ని...”

“తెలుసమ్మా. నువ్వు లే.”

లోపల తలుపు మీద గుద్దులు. “తీస్తావా లేదా? గ్యాస్ వదిలి అగ్గి పెట్టేస్తాను! షెడ్డుతో సహా అందరం పోతాం!”

కొలిమికి గ్యాస్ ఇచ్చే సిలిండరు గోడకి ఇవతల ఉంది. డాక్టరు దాని నాబ్ గట్టిగా బిగించేస్తాడు. అది ఎప్పుడూ బయటే ఉండాలని పోట్లాడి పెట్టించింది చెల్లెలే.

గుద్దులు ఆగిపోతాయి. తర్వాత లోపల నుంచి నవ్వు వస్తుంది. మెల్లగా మొదలై, పెద్దదవుతుంది.

“పిలువు పోలీసుల్ని! ఏం చూపిస్తావ్? కత్తి కాల్చింది నువ్వు! దీని మాట ఎవరు నమ్ముతారు? రక్తం ఏది డాక్టరు బావా? నా ముద్ర ఏది?”

చెల్లెలు అన్నయ్య వైపు తిరుగుతుంది. “నిజంగా కాల్చేశావా అన్నయ్యా?”

“కాల్చేశాను.”

ఆమె నేల మీద కూలబడిపోతుంది.

డాక్టరు ఆమె పక్కనే కూర్చుంటాడు. ఏప్రాన్ జేబులోంచి పిడి చెక్కలు రెండూ తీసి, అంచులు పట్టుకుని ఎండలో తిప్పుతాడు. పైన ఎర్రటి వేళ్ళ గుర్తులు. లోపలివైపు, నీళ్ళకి విడిపోయిన సందులో, ముదురు ఎరుపు తడి ఇంకా ఆరలేదు.

“పిడి కాల్చలేదురా. ముప్ఫై ఏళ్ళు నా పని ఇదే,” అంటాడు తలుపు వైపు తిరిగి. “సందుల్లో ఏం ఇరుక్కుందో చూడటం.”

నవ్వు ఆగిపోతుంది.