మూడు కొక్కేలకు ఒకే దండ

మా ఆయన శ్రీనివాస్‌కు తెలివి ఎంతో బద్ధకం అంత. గద్వాలలో మా వీధివాళ్ళు నేసే చీరలు అమ్మడానికి 2008లో ఒక వెబ్‌సైటు పెట్టాడు. దానికి తగిలించే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం కూడా తనే రాస్తూ కూర్చున్నాడు.

అదే వారం మా అత్త జోగులమ్మ మగ్గం మీదే కన్నుమూసింది. మా ఇళ్ళల్లో నేసేవాళ్ళు పోతే, ఫోటోకు దండ వేసేలోపే మగ్గం మీది పడుగు దారాలు తెంపేస్తారు. ఈయన తెంపనివ్వలేదు. సగం నేసిన పట్టుచీర మీద ఆశ మరి!

"తెంపకుంట దండ ఎయ్యకురా," అన్నాడు ఈయన చిన్నాయన తిమ్మప్ప. "పని మిగిలిందనుకుంటది. దండ ఏసినప్పుడల్లా వస్తది."

"గిది కంప్యూటర్ల దండ, చిన్నాయనా," అని నవ్వాడు.

వెబ్‌సైటులో అత్త ఫోటో చుట్టూ బంతిపూల దండ పడేలా ఒక ఫంక్షన్, అంటే కంప్యూటర్‌కు పని చెప్పే ముక్క, రాశాడు. హుక్ అంటే కొక్కెం లాంటిదట. ఏదైనా జరగగానే, దానికి తగిలించిన ఫంక్షన్‌ను పిలుస్తుందట. మనిషి పోతే ఒక కొక్కెం, చీర అమ్ముడైతే ఒకటి, కొత్త ఫోటో ఎక్కితే ఇంకొకటి. మూడుచోట్లా పూలే కదా అని అదే ఫంక్షన్‌ను మూడింటికీ తగిలించాడు. పిలిచింది ఏ కొక్కెమో కనుక్కునే ఒక్క వరుస రాయడానికి మహానుభావుడికి చేతులు రాలేదు.

మొదటి చీర అమ్ముడైన మధ్యాహ్నం, తాళం వేసిన మగ్గం గదిలో చప్పుడు.

టక్... టక్...

తలుపు తీస్తే గంజి వాసన, అత్త నమిలే పొగాకు వాసన. చీర బెత్తెడు పెరిగింది.

"ఎలుకలుంటయి," అన్నాడు.

"ఎలుకలు చీర నేస్తయా?" అన్నాను. ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది.

ఆ ఆదివారం సాయంత్రం ముసురు. మా ఆరేళ్ళ రోహిణికి కొత్త పట్టు లంగా కట్టి, ఈయన ఫోటో తీసి వెబ్‌సైటులో ఎక్కించాడు. చూస్తుండగానే తెరమీద నా బిడ్డ బొమ్మకు దండ పడింది. అత్తకు పడిన దండే.

"తీసెయ్యి... తీసెయ్యయ్యా!"

వెనక్కి తిరిగితే పాప లేదు.

టక్... టక్...

పరుగెత్తాను. గుంత మగ్గం ముందు కూర్చుని ఉంది. దాని కాళ్ళు గుంతలో అడుగుదాకా అందవు. అయినా తొక్కుతోంది. కుడి... ఎడమ... కుడి...

"అమ్మా," గుసగుసగా అంది, "అవ్వ నా కాళ్ళు ఇడుస్తలేదు."

కత్తెరతో పడుగంతా కత్తిరించాను. మగ్గం ఆగింది. పాప కాళ్ళు ఆగలేదు. వాటిని ఒడిలో అదిమిపట్టుకుని ఏడ్చాను.

ఈయన మూడు కొక్కేల నుంచీ ఫంక్షన్ తీసేశాడు. అప్పటికి గాని కాళ్ళు ఆగలేదు. ఆ తర్వాత నా బిడ్డ నడవనూ లేదు. దవాఖానలు తిరిగాం, వెబ్‌సైటు మూసేశాం. ఏడాదైంది. నేను ఈయన్ని క్షమించలేదు.

నిన్న సాయంత్రం పాపకు అన్నం కలిపి పెడుతున్నాను. దుప్పటి కింద కాళ్ళు కదిలాయి.

కుడి... ఎడమ...

"అమ్మా, కొత్త ఫోటో ఎక్కింది."

"ఎవలది బిడ్డా?" అన్నాను.

పాప నా మెడవైపే చూస్తోంది.

మెడచుట్టూ చల్లగా, తడిగా ఏదో ఆనింది. బంతిపూల వాసన వస్తోంది.