గాసి షెడ్డులో నిద్ర

చింతపల్లి ఘాట్ రోడ్డు మీద, ఒక చిన్న ఊరికి కాస్త దిగువన, మలుపు దగ్గర పాత రేకుల షెడ్డు ఒకటుంది. పొద్దుగూకాక అటు వైపు మనిషన్నవాడు పోడు. పోయినవాడు మూలుగు విన్నానంటాడు.

ఒకప్పుడు అందులో కాఫీ పళ్ల తొక్క తీసే మిషను ఉండేది. ఒక వానాకాలం రాత్రి గాసి అనే కూలివాడి చెయ్యి అందులో పడి నలిగిపోయింది. కొండ దిగడానికి జీపు దొరకలేదు. తెల్లవార్లూ అక్కడే మూలిగి మూలిగి, కోడి కూసే వేళకి పోయాడు. తర్వాత మిషను పీక్కుపోయారు... మూలుగు మాత్రం అక్కడే ఉండిపోయిందని అందరి మాట.

అందుకే ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. చచ్చినవాడు దగ్గరికొస్తే కళ్లు తెరిచి చూడకూడదు, నోరు తెరిచి పలకరించకూడదు. చూశావో, పలికావో — నీ వెనకాలే ఇంటికొచ్చి నీ పొయ్యి పక్కన కూర్చుంటాడు. ఇక లేవడు.

మైదానం నుంచి వచ్చి అక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్న కామేష్ ఈ మాటలకి పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడు. కారణం ఈ పుష్యమాసంలో జరిగిన సంగతి.

సోంబరు మిరియాలు కోసేవాడు. ఒంటి వెదురు గడే ఆ పనివాళ్లకి నిచ్చెన. దాని కణుపుల మీద బొటనవేలు ఆనించి, ముప్పై అడుగుల చెట్టెక్కి, చుట్టూ పాకిన తీగ నుంచి గుత్తులు తెంపాలి. రెండేళ్ల కిందట కణుపు విరిగి, సోంబరు నడ్డి మీద పడ్డాడు. ఎముక అతుక్కుంది. నరం మాత్రం నలిగిపోయిందన్నాడు డాక్టరు. మాత్రలిచ్చాడు. అవి పగటి నొప్పికి పనికొచ్చేవి.

రాత్రి నొప్పి వేరు. దీపం ఆర్పగానే నడుములో మొదలై, పిరుదులోంచి మడమదాకా సలసల కాగే నీళ్లు పోసినట్టు దిగేది. అటు తిరిగినా అంతే, ఇటు తిరిగినా అంతే. రెండేళ్లలో సోంబరు కంటినిండా నిద్రపోయిన రాత్రి ఒక్కటి లేదు.

ఇల్లంతా ఒక్కటే గది. కొడుకు రవిబాబు, కోడలు హేమలత, చంటిపాప, పొయ్యి — అన్నీ అందులోనే. రవిబాబు సర్వీసు జీపు తోలుతాడు. నాలుగింటికి లేచి, జనాన్ని ఎక్కించుకుని, ఆ చీకట్లో, ఆ మంచులో ఘాట్ దిగాలి. అలాంటివాడికి రాత్రంతా చెవి పక్కన తండ్రి మూలుగు!

సోంబరు తువ్వాలు పళ్ల మధ్య కుక్కుకుని పడుకునేవాడు. అయినా మూలుగు ముక్కులోంచి వచ్చేది. ముక్కుకి ఏం కుక్కుతాడు?

పోయిన వారం రవిబాబు స్టీరింగు మీదే తూలాడు. ముందు చక్రం రోడ్డు దాటి రాళ్ల మీదికి పోయింది. పద్నాలుగు మంది కెవ్వున అరిచి దూకేశారు. కింద లోయ. జీపు ఎలా ఆగిందో రవిబాబుకే తెలియదు. ఆ సంగతి హేమలత ఏడుస్తూ సోంబరుకి చెప్పింది. ఇంకొక్క రాత్రి ఈ గుంటడు నిద్రపోకపోతే... ఆ లోయలో పడేది వాడొక్కడే కాదు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాడు. మూలుగు ఆపడం తన చేతుల్లో లేదు. ఎవరికీ వినపడని చోటికి పోవడం తన చేతుల్లో ఉంది. అలాంటి చోటు ఊరికంతటికీ ఒకటే. అక్కడ ఎవరు మూలిగినా గాసి అనుకుంటారు!

అందరూ నిద్రపోయాక గొంగళి, ఒక గోనెసంచి పట్టుకుని, కర్ర పోటేసుకుంటూ దిగాడు. నూరడుగులకి ముప్పై సార్లు ఆగాడు. షెడ్డు గుమ్మంలో నిలబడిపోయాడు.

"గాసీ..." అన్నాడు గొణుగుతూ. "నేనూ నొప్పోడినే. ఓ మూల పడుంటాను. నీకు కోపం వద్దు."

గాలికి రేకు కిర్రుమంది. అంతే.

గోనె పరుచుకుని, గొంగళి ముసుగేసుకుని పడుకున్నాడు. నొప్పి దిగింది. ఈసారి తువ్వాలు లేదు. నోరారా మూలిగాడు. మూలగడంలో అంత సుఖం ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఎంతసేపయిందో... ఆకుల మీద అడుగుల చప్పుడు.

సోంబరు మూలుగు గొంతులోనే ఆగింది. అడుగులు గుమ్మం దాటాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి. తల దగ్గర... నడుము దగ్గర... ఎవరో కూర్చున్నారు. ఊపిరి వినపడుతోంది.

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెదాలు బిగించాడు. చూడకూడదు. పలకకూడదు.

ఒక చెయ్యి గొంగళి అంచు ఎత్తింది. వెచ్చటి మూట ఏదో నడుం మీద, సరిగ్గా నొప్పి పుట్టే చోట ఆనింది. సోంబరు పక్కకి జరగబోయాడు. మూట అక్కడే ఉంది. ఇంకో చెయ్యి పిక్కని మెల్లగా, పైనుంచి కిందికి, పైనుంచి కిందికి రాస్తోంది. మోకాళ్ల మధ్య మెత్తటిదేదో దూర్చింది.

భయపడాలో, దణ్ణం పెట్టాలో తెలియలేదు. గాసికి కదా తెలుస్తుంది నొప్పంటే ఏమిటో... అనుకున్నాడు. అలా అనుకుంటూనే —

కళ్లు తెరిచేసరికి బారెడు పొద్దెక్కింది. పక్కన ఎవరూ లేరు. సోంబరు నిద్రపోయాడు! రెండేళ్ల తర్వాత! షెడ్డు మధ్యలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రీ అంతే. అడుగులు, ఊపిరి, వెచ్చటి మూట. భయమూ తగ్గలేదు, నిద్రా ఆగలేదు. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. కొడుకు ఇప్పుడు హాయిగా పడుకుంటున్నాడని అతని ధీమా. పొద్దున్నే జీపు తీసే వేళకి వాడి మొహం చూసినవాడు కాదు కదా.

నాలుగో రాత్రి, నడుం మీంచి వీపు పైకి జరుపుతున్న మూట భుజం దగ్గర ఒరిగింది.

ముడి ఊడి, వేడి వేడి గింజలేవో మెడ మీదుగా జారాయి. ఒకటి పెదవికి తగిలింది. అనుకోకుండా నాలుక తాకింది.

ఉప్పు.

దెయ్యం దేన్నయినా ముట్టుకుంటుంది గానీ ఉప్పు ముట్టదు. కొండ మీద పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మరి ఇది... ఎవరు?

కళ్లు మూసుకునే చెయ్యి చాచాడు. మణికట్టు దొరికింది. వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. డీజిలు వాసన.

కళ్లు తెరిచాడు.

రేకుల కంతల్లోంచి వెన్నెల పడుతోంది. ఆ వెన్నెల్లో రవిబాబు కూర్చున్న చోటే కునుకుతున్నాడు. తల ఛాతీ మీదికి వాలిపోయింది. ఒక చెయ్యి ఇంకా తండ్రి పిక్క మీద కదులుతూనే ఉంది.

"ఒరే..."

ఉలిక్కిపడి లేచాడు రవిబాబు. "అయ్యా! అరవకు... నేనే."

"ఎన్నాళ్లనుంచిరా?"

"నువ్వొచ్చిన రేతిరి నుంచే. సాప కాళీగా ఉందని హేమ లేపింది. మూలుగు ఇని ఇటొచ్చాను. ఉప్పు వేపి ఇత్తంది. నేను తెత్తన్నాను."

"మరి పలకవేటిరా?"

"పలికితే పొమ్మంటావు కదా. పలక్కపోతే..." రవిబాబు చెదిరిన ఉప్పుని మూటలోకి ఎత్తాడు. "గురక పెట్టినావయ్యా. రెండేళ్లయింది నీ గురక ఇని. ఎలుగొడ్డు తిరుగుతంది, నిన్నొదిలి పోనేకపోయాను."

నాలుగు రాత్రులు! సోంబరు కళ్ల ముందు ఘాట్ మలుపులన్నీ తిరిగాయి. ఎవడి నిద్ర కోసం తను దెయ్యాల కొంపలో పడుకున్నాడో, వాడి నిద్రే తిని తను గురక పెట్టాడు. సిగ్గూ, కోపమూ, ప్రేమా ఒక్కసారిగా ముంచుకొచ్చాయి.

"ఈయేల జీపు కదల్దు."

"సంతయ్యా ఈయేల! జనం వచ్చీస్తారు."

"రానీ. తల ఇలాగెట్టు. బేగి."

రవిబాబు ఇంకేదో అనబోయాడు. మాట సగంలోనే తండ్రి తొడ మీదికి ఒరిగిపోయాడు. ఆ బరువుకి నడుం నుంచి మడమదాకా నిప్పు పాకింది. సోంబరు కదల్లేదు. పళ్లు బిగబట్టాడు. మూలిగితే గుంటడు లేస్తాడు.

నాలుగు దాటింది. పైన ఊరి దగ్గర మాటలు. జీపు అక్కడే ఉంది, డ్రైవరు లేడు. తలుపు ధడేల్మంది. హారను మోగింది... మళ్లీ మోగింది. రవిబాబు కనురెప్పలు కదిలాయి.

"ఏడీడు? షెడ్డులో గానీ తొంగున్నాడేటి?" ఎవరో ఆడమనిషి గొంతు.

"నేను చూసొస్తానుండండి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు." అది కామేష్.

టార్చి వెలుగు చెట్ల మధ్య ఊగుతూ కిందికొస్తోంది. ఇంకో పది అడుగులు... వచ్చాడంటే లేపుతాడు. లేపితే వీడు లేస్తాడు. లేచి, ఆ కళ్లతోనే స్టీరింగు పట్టుకుంటాడు.

వెలుగు గుమ్మం మీద పడింది.

సోంబరు అరచేత్తో కొడుకు చెవి గట్టిగా మూశాడు. రెండో చెవి తన తొడకి ఆనుకునే ఉంది. ఊపిరి నిండా పీల్చాడు. రెండేళ్లు తువ్వాల్లో కుక్కుకున్నదంతా, పొట్టలోంచి, వెన్నులోంచి, నలిగిన నరంలోంచి లాగి —

మూలిగాడు.

అది మనిషి మూలుగులా లేదు. టార్చి కింద పడి దొర్లింది. "ఓరి నాయనో!" అన్న కేక లోయలో రెండుసార్లు పలికింది. చెప్పులు ఎక్కడివక్కడే వదిలి జనం పరుగు. ఆ అడుగులు దూరమయ్యేదాకా సోంబరు ఆపలేదు.

చెయ్యి తీసి, వంగి చూశాడు. రవిబాబు సన్నగా గురక పెడుతున్నాడు.

నొప్పి మండుతూనే ఉంది. సోంబరు దాన్ని పట్టించుకోకుండా గుమ్మం కేసి చూస్తూ, ఇంకెవడైనా వస్తాడేమోనని గొంతు సవరించుకుని కూర్చున్నాడు.